రంగు బియ్యం సరే – నేల ఆకలి మాటేమిటి?

ఈ మధ్య కాలంలో నన్ను కలిసే గృహిణులలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "మాస్టారూ, ఎర్ర బియ్యం తినమంటారా, నల్ల బియ్యం తినమంటారా?" మధుమేహం ఉన్నవారు అడుగుతున్నారు, బాలింతలు అడుగుతున్నారు, అన్నం తినని పసిపిల్లల తల్లులు అడుగుతున్నారు. నాలుగేళ్ళ క్రితం వరకు నేను ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాడిని. ఇప్పుడు మాత్రం ఎదురు ప్రశ్న వేస్తున్నాను. "అవి ఏ నేలలో పండినవమ్మా?" అని.

ఈ ఎదురు ప్రశ్న విని కొందరు చిరునవ్వు నవ్వుతున్నారు. బియ్యం కొట్టులో నిలబడి నేల సంగతి అడిగేవారెవరు? కాని ఆ ప్రశ్న నాకు ఊరకే పుట్టలేదు. నా తొందరపాటు వలన ఒక కౌలు రైతుకు జరిగిన నష్టంలో నుండి పుట్టింది. ఆ సంగతి దాచుకోకుండా పాఠకులకు చెప్పడం నా ధర్మమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పెద్దలు చెప్పినది సగమే విన్నాము

ఎర్ర బియ్యం గొప్పదనం మనకు కొత్త కాదు. చరక సంహితలో సూత్రస్థానం 25వ అధ్యాయాన, ధాన్యాలలో పథ్యమైనవాటిలో ఎర్ర శాలి ధాన్యాన్ని శ్రేష్ఠమైనదిగా పేర్కొన్నారు. 27వ అధ్యాయంలో అన్నపానాలను వివరించేటప్పుడు కూడ శాలి ధాన్యాలలో రక్తశాలికే అగ్రస్థానం ఇచ్చారు. అరవై దినాలలో పండే షష్టిక ధాన్యాన్ని తేలికగా జీర్ణమై బలమిచ్చేదిగా చెప్పారు. కేరళ వైద్యులు నేటికీ చికిత్సలలో వాడే నవార బియ్యం ఈ కోవకు చెందినదే. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన మణిపూర్ నల్ల బియ్యం చాఖావోకు కూడ ఆ ప్రాంతంలో ఎంతో గౌరవం కలదు.

ఇంతవరకు అందరమూ చదువుకున్నాము, పదిమందికీ చెప్పాము. అయితే అదే చరక సంహితలో కల్పస్థానం మొదటి అధ్యాయంలో ఓషధిని సేకరించబోయే ముందు నేలను పరీక్షించవలెనని కూడ ఉన్నది. సుశ్రుతుడైతే భూమి విభాగాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. మందు మొక్క గుణం అది మొలిచిన మట్టిని బట్టి ఉంటుందని వారి నిశ్చితాభిప్రాయం. మందుకు వర్తించే న్యాయం అన్నానికి వర్తించదా? విత్తనం పేరు విన్నాము గాని మట్టి మాట వినలేదు. నేను చేసిన పొరపాటు సరిగా ఇదే.

మా పొలంలో జరిగినది

మాది నరసరావుపేట ప్రాంతం. నాగార్జున సాగర్ కుడి కాలువ కింద నాకు రెండెకరాల నల్లరేగడి భూమి కలదు. కాలువ నీరు రాక ముందు ఈ మెట్టలో జొన్న, సజ్జ, వరిగ, ప్రత్తి మాత్రమే పండేవి. పల్నాటి జొన్నకూటిని గురించి శ్రీనాథుడు విసుక్కున్నట్లు చెప్పే చాటువులు మనకు తెలిసినవే. 1967లో సాగర్ నీరు వదిలిన తరువాత సత్తెనపల్లి మొదలు అద్దంకి, దర్శి వరకు ఈ ప్రాంతపు పంటలూ భోజనాలూ రెండూ మారిపోయినవి. ప్రత్తి, మిరప వ్యాపార పంటలుగా స్థిరపడినవి. నీరందిన చోట వరి వచ్చింది. జొన్నన్నం తిన్న ఇళ్ళలో సన్నబియ్యం వచ్చి కూర్చున్నది.

ఉద్యోగ విరమణ తరువాత నాకు దేశీ వరి మీద మనసు పోయింది. మిత్రుల ద్వారా ఎర్ర వరి విత్తనం తెప్పించి, నా పొలం కౌలుకు చేస్తున్న రైతును ఒప్పించాను. అంతకు ముందు వరుసగా కొన్నేళ్ళు అందులో మిరప వేసి, బస్తాల కొద్దీ డీఏపీ చల్లియున్నారు. "ఇక మీదట ఏ రసాయనమూ వద్దు, జీవామృతం చాలు, దేశీ విత్తనం తన తిండి తానే వెతుక్కుంటుంది" అని అతనికి ఉపన్యాసం చెప్పాను. నా మీది గౌరవం కొద్దీ సరేనన్నాడు.

నాట్లు వేసిన మూడు వారాలకు పైరు తీరు మారింది. ఆకుల మీద మధ్య ఈనెకు ఇరుప్రక్కల తుప్పు రంగు మచ్చలు కనిపించినవి. పిలకలు పెట్టవలసిన దుబ్బులు పొట్టిగా గిడసబారినవి. దూరం నుండి చూస్తే మడి మడి అంతా ఇటుక పొడి చల్లినట్లుగా ఉన్నది. కౌలు రైతు వచ్చి, "మాస్టారూ, ఇది జింకు దెబ్బండి. సున్నపు నేల, దాని మీద మిరపకి ఏసిన డీఏపీ. జింకు కొట్టకపోతే పైరు లేవదండి" అన్నాడు. నేను వినలేదు. "అది కూడ మందే కదా" అన్నాను. జీవామృతం మరొక విడత పోయించాను.

ఆ నేలలో సన్నరకాలు వేసిన ఏడు ఎకరాకు 30 బస్తాల వరకు పండినవి. ఎర్ర వరి కనుక 15 బస్తాలు వచ్చినా చాలుననుకున్నాము. వచ్చినవి 7 బస్తాలు. కౌలు సొమ్ము నేను తీసుకోలేదు. కాని దున్నకం ఖర్చు, నాటు కూలి, అతని కుటుంబం చేసిన ఆరు నెలల చాకిరీ ఎవరు తిరిగి ఇవ్వగలరు? అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఏమైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాత మట్టిని పరీక్షకు పంపాను. జింకు వద్ద "తక్కువ" అనియు, భాస్వరం వద్ద "ఎక్కువ" అనియు వ్రాసి వచ్చింది. చదువుకున్న నాకన్న ఆకు చూసి చెప్పిన అతనే సరిగా చెప్పాడు.

తుప్పు మచ్చల వెనుక కథ

ఈ తుప్పు మచ్చల కారణాన్ని మన దేశంలో మొదట నిర్ధారించినది పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ వై.ఎల్. నెనె. హిమాలయ పాదాల వద్ద తరాయి ప్రాంతపు వరిలో ఆకులు తాంబూలంలో వేసుకునే కాచు రంగుకు తిరిగి పైరు గిడసబారేది. కాచు రంగును బట్టి అక్కడి రైతులు దానిని ఖైరా తెగులు అనేవారు. అది ఏ పురుగు వలనా, శిలీంధ్రం వలనా వచ్చినది కాదనియు, నేలలో జింకు లోపించుట వలన వచ్చినదనియు 1966లో ఆయన నిరూపించారు.

జింకును మన పెద్దలు తుత్తునాగం అన్నారు. వైద్య గ్రంథాలలో యశదం అన్నారు. పైరుకు ఇది కావలసినది బహు స్వల్పం. కాని ఆ స్వల్పం లేకపోతే ఆకులో జరుగవలసిన అనేక జీవన క్రియలు ఆగిపోతాయి. పిలక రాదు, కంకి సరిగా ఈనదు.

మన గుంటూరు, ప్రకాశం మైదానాల నల్లరేగడిలో జింకు బొత్తిగా లేదని కాదు. ఉన్నది వేరుకు అందదు. సున్నం పాలు ఎక్కువగా ఉండి క్షార గుణం గల నేలలో జింకు మట్టికి అంటుకొని కరుగని రూపంలో ఉండిపోతుంది. దాని మీద ఎడతెగని భాస్వరపు ఎరువు పడితే పైరు జింకును తీసుకొనే శక్తి మరింత తగ్గుతుంది. దానికి తోడు వరి మడిలో నెలల తరబడి నీరు నిలువ ఉంచితే అందుబాటులో ఉన్న కాస్త జింకు కూడ బిగుసుకొనిపోతుంది. మిరప వేసిన రేగడిలో నిలువ నీటి వరి అంటే ఈ మూడు కష్టాలూ ఒక్కచోట కలిసినవన్న మాట.

"జీవామృతంలోని సూక్ష్మజీవులు జింకును విడుదల చేయవా?" అని అడిగే మిత్రులున్నారు. కొంతవరకు చేస్తాయి. పశువుల ఎరువు, పచ్చిరొట్ట అందుకు తోడ్పడతాయి. కాని జింకు ఒక లోహం. దానిని ఏ సూక్ష్మజీవీ, ఏ విత్తనమూ కొత్తగా సృష్టించలేదు. ఏటేటా గింజతో పాటు నేల నుండి పోయిన దానిని ఏదో ఒక రూపంలో తిరిగి ఇవ్వక తప్పదు. తీవ్రమైన లోపం ఉన్న నేలకు ముందు దాని లోటు తీర్చి, ఆ పైన జీవామృతం పోయడం న్యాయం.

పైరు వ్యాధే మనిషికీ వస్తుంది

నన్ను ఇంకొక సంఘటన కూడ కలవరపెట్టింది. ఆ 7 బస్తాల ఎర్ర బియ్యాన్ని నేను తెలిసినవారికి అమ్మాను. అందులో నా పూర్వ విద్యార్థిని ఒకరున్నారు. ఆమె రెండేళ్ళ బిడ్డకు తరచు విరేచనాలు పట్టుకొనేవి, బరువు పెరిగేది కాదు. "ఈ బియ్యం జావ కాచి పట్టమ్మా, ఇందులో ఇనుము, జింకు అన్నీ ఉన్నవి" అని నేనే చెప్పాను. కొన్నాళ్ళకు బిడ్డను పిల్లల డాక్టరు వద్దకు తీసుకొనిపోతే ఆయన లవణ ద్రావణంతో పాటు జింకు మందు 14 రోజులు ఇమ్మని వ్రాశారు. ఆమె వచ్చి ఎంతో మర్యాదగా, "మాస్టారూ, మన బియ్యంలో జింకు ఉందన్నారు కదండీ?" అని అడిగింది. బిడ్డ కోలుకున్నాడు. నేను మాత్రం ఆమె ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

మనుషులలో జింకు లోపాన్ని లోకానికి తెలియజేసినది బీహారులో జన్మించిన డాక్టర్ ఆనంద ప్రసాద్. 1958లో ఆయన ఇరాన్‌లోని షిరాజ్ నగరంలో వైద్యుడిగా ఉన్నప్పుడు 21 ఏళ్ళ యువకుడొకడు పదేళ్ళ బాలుని వలె కనిపించాడు. అతని ఆహారమంతా పులియబెట్టని గోధుమ రొట్టే. ధాన్యం పైపొరలోని ఫైటిక్ ఆమ్లం జింకును పట్టి ఉంచి దేహానికి అందనివ్వదు. 1961 నుండి ఆయన ప్రచురించిన పరిశోధనల వలన ఎదుగుదలకు, వ్యాధి నిరోధానికి, గాయాలు మానడానికి జింకు ఎంత అవసరమో తెలిసింది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి, విరేచనాల పాలైన పిల్లలకు లవణ ద్రావణంతో పాటు జింకు 10 నుండి 14 రోజులు ఇవ్వాలని ప్రకటించినవి. ఆ డాక్టరుగారు వ్రాసినది ఆ మందే.

మనకు రోజుకు ఎంత జింకు కావాలి? భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రకారం పురుషునికి 17, స్త్రీకి 13.2 మిల్లీగ్రాములు. సాధారణ తెల్లబియ్యం కిలోలో 12 నుండి 16 మిల్లీగ్రాములుంటాయి. రోజుకు పావు కిలో బియ్యం తినే స్త్రీకి వాటి నుండి 4 మిల్లీగ్రాములకు మించి రాదు. అందులోనూ దేహం పట్టుకొనేది కొంతే. అన్నమే ప్రధానమైన మన భోజనంలో ఈ లోటు కంటికి కనిపించదు. ఆకలి తక్కువగా ఉండడం, గాయాలు త్వరగా మానకపోవడం, పిల్లలు తరచు జబ్బుపడడం వంటి రూపాలలో బయటపడుతుంది.

రంగు వేరు, జింకు వేరు

ఇక్కడ పాఠకులు ఒక విషయం స్పష్టంగా గ్రహించవలెను. నల్ల బియ్యానికి నలుపు ఇచ్చేవి ఆంథోసయనిన్లు. ఎర్ర బియ్యానికి ఎరుపు ఇచ్చేవి ప్రొయాంథోసయనిడిన్లు. ఇవి దేహానికి మేలు చేసే పదార్థాలే. ఇవి గింజ పైపొరలో, అంటే తవుడులో ఉంటాయి. కనుక రంగు బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టిస్తే రంగూ పోతుంది, గుణమూ పోతుంది. ఈ రంగు ప్రధానంగా విత్తనాన్ని బట్టి వస్తుంది. జింకు అలా కాదు. విత్తనానికి దానిని పీల్చి గింజకు చేర్చే శక్తి ఉండవలెను, నేలలో అది అందుబాటులో ఉండవలెను. ఈ రెండూ కలిస్తేనే గింజలో జింకు ఉంటుంది. ఎర్రగా ఉన్నంత మాత్రాన జింకు నిండుగా ఉన్నదని చెప్పడం, ఎర్ర చీర కట్టిన ప్రతి స్త్రీకి రక్తపుష్టి ఉన్నదని చెప్పడం వంటిది. ఆ మాట నేనే చెప్పాను గనుక ఇంత గట్టిగా వ్రాస్తున్నాను.

మరి నేలకు జింకు ఇస్తే ఏమగును? చైనా, భారతదేశం, లావోస్, థాయ్‌లాండ్, టర్కీ దేశాల వరి పొలాలలో జరిపి 2012లో ప్రచురించిన పరీక్షలలో ఒక ముఖ్య విషయం తేలింది. నేలలో వేసిన జింకు వలన దిగుబడి సగటున సుమారు 5 శాతం పెరిగింది. కాని పొట్టు తీసిన ముడి బియ్యంలో జింకు 2.4 శాతమే పెరిగింది. అదే జింకును పైరు మీద పిచికారీ చేసినప్పుడు గింజలో జింకు సగటున 25 శాతం పెరిగింది. నేలకూ ఆకుకూ రెండింటికీ ఇచ్చినప్పుడు 32 శాతం పెరిగింది. అంటే నేలలో వేసినది రైతు గాదెను నింపుతుంది. కంకి వేళ ఆకు మీద చల్లినది తినేవారి కంచాన్ని నింపుతుంది. ఈ తేడా తెలియక చాలామంది రైతులు మొదటి దానితోనే ఆగిపోతున్నారు. ఎందుకంటే రెండవ దానికి వారికి ఎవరూ డబ్బు ఇవ్వరు.

లెక్క వేసి చూద్దాము. ముడి బియ్యంలో కిలోకు 20 మిల్లీగ్రాముల జింకు ఉన్నదనుకుంటే పావు కిలోకు 5 మిల్లీగ్రాములు. పావు వంతు పెరిగితే 6.25. ఇది అద్భుతమేమీ కాదు. కాని రోజూ రెండు పూటలా తినే అన్నంలో, ఇల్లంతటికీ, ఏడాది పొడుగునా వచ్చే పెరుగుదల ఇది.

విత్తనం వైపు నుండి కూడ మంచి ప్రయత్నాలు జరుగుచున్నవి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 45 అనే రకం 2016లో విడుదలైంది. పాలిష్ పట్టిన తరువాత కూడ దానిలో కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉంటుంది. అది రంగు బియ్యం కాదు, తెల్లబియ్యమే. ఇక మన బాపట్ల సంగతి. సాంబమసూరిగా ఇంటింటికీ చేరిన బీపీటీ 5204ను 1986లో ఇచ్చినది బాపట్ల పరిశోధనా స్థానమే. నల్ల బియ్యపు రకం బీపీటీ 2841, ఎర్ర బియ్యపు రకం బీపీటీ 2858 కూడ అక్కడివే. దూర ప్రాంతాల పేర్లు చెప్పి అమ్మే బియ్యానికి రెట్టింపు, మూడింతల ధర పెట్టే మనము, మన నేలకు అలవాటుపడిన ఈ రకాలను ఎందుకు అడగరాదు?

రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ ప్రకృతి సేద్య మిత్రులది. జింకు సల్ఫేట్ రసాయనం గనుక అది వేస్తే పంట అపవిత్రమవుతుందని వారి భావన. నేనూ అట్లే అనుకున్నవాడినే. కాని సేంద్రియ ధ్రువీకరణ నియమాలలో సైతం లోపం నిరూపితమైన చోట సూక్ష్మ పోషకాలను పరిమితంగా వాడుటకు అవకాశమున్నది. మన రసవైద్యులు తుత్తునాగాన్ని శుద్ధి చేసి యశద భస్మంగా నేత్ర వ్యాధులలో, ప్రమేహంలో ఇచ్చినప్పుడు దానిని విషమని తోసివేయలేదు. ప్రమాణం తెలిసి వాడారు. ఇంకొక విశేషం వినండి. ఖైరా తెగులు గుట్టు విప్పిన ఆ డాక్టర్ నెనెగారే తరువాతి కాలంలో 1994లో సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్‌ను స్థాపించారు. సురపాలుని వృక్షాయుర్వేదాన్ని ఆంగ్లానువాదంతో 1996లో ఆ సంస్థే ప్రచురించింది. జింకు లోపాన్ని కనిపెట్టిన చేతులే వృక్షాయుర్వేదాన్ని వెలికి తెచ్చినవి. ఆయనకు లేని విరోధం మనకెందుకు?

రెండవ ఆక్షేపణ పట్టణవాసులది. "ఇంత తంటా ఎందుకు, జింకు మాత్ర వేసుకుంటే పోదా?" అని. మాత్ర వ్యాధికి మందు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన రోజులు మాత్రమే వాడవలెను. అవసరం లేకుండా ఎక్కువ కాలం జింకు మింగితే దేహానికి రాగి అందకుండాపోతుంది. యశద భస్మాన్ని కూడ వైద్యుని సలహా లేకుండా ఎవరూ తీసుకొనరాదు. అన్నంతో వచ్చే జింకుకు ఈ భయం లేదు.

పొలంలో చేయవలసినవి

మా రైతూ నేనూ తరువాతి ఏడాది ఆచరించిన పద్ధతిని, వ్యవసాయ శాఖ సిఫారసులను అనుసరించి ఇక్కడ వ్రాస్తున్నాను. పల్లెలో పొలమున్న పాఠకులకు ఉపయోగపడవచ్చును.

– ముందుగా మట్టి పరీక్ష చేయించవలెను. లోపం లేని నేలకు జింకు అక్కరలేదు.

– వరికి ముందు జీలుగ గాని, పిల్లిపెసర గాని పెంచి కలియదున్నవలెను.

– లోపమున్న నేలలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్‌ను ఆఖరి దమ్ములో వేయవలెను. డీఏపీ, సూపర్ వంటి భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు.

– పైరులో తుప్పు మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేట్ కలిపి, అయిదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయవలెను. పురుగు మందులతో కలుపరాదు.

– గింజలో జింకు పెరుగుటకు పూత ముగిసి గింజ పాలు పోసుకొనే దశలో చల్లనివేళ పిచికారీ అవసరం. మోతాదును స్థానిక వ్యవసాయాధికారిని అడిగి నిర్ణయించుకొనవలెను.

– మడిలో ఎప్పుడూ నీరు నిలువ ఉంచక, పిలకల దశలో మధ్య మధ్య ఆరగట్టవలెను.

– జింకు సల్ఫేట్‌లో మెగ్నీషియం సల్ఫేట్ కల్తీ చేస్తారు. నమ్మకమైన చోట, రసీదు తీసుకొని కొనవలెను.

ఈ పద్ధతిన మాకు ఎకరాకు 14 బస్తాలు వచ్చినవి. అది జింకు ఒక్కదాని మహిమ అని చెప్పను. పిల్లిపెసర, నీటి యాజమాన్యం కూడ తోడైనవి. కాని ఈసారి ఆకు మీద తుప్పు రాలేదు.

వంటింట్లో చేయవలసినవి

పొలంలో అంత శ్రమపడి గింజలోకి చేర్చిన జింకు దేహానికి అందవలెనంటే గృహిణి చేతిలో కూడ కొంత పని ఉన్నది. రంగు బియ్యం దంపుడు బియ్యం వలె తవుడుతో ఉంటాయి కనుక ఫైటిక్ ఆమ్లం కూడ వాటిలో ఎక్కువే.

బియ్యాన్ని రాత్రి నానబెట్టి, కనీసం ఎనిమిది గంటల తరువాత వండండి. నానడం వలన ఫైటిక్ ఆమ్లం కొంత తగ్గుతుంది, త్వరగా ఉడుకుతాయి కూడ. ఎర్ర బియ్యం, మినుములు కలిపి రుబ్బి, పులియనిచ్చి పోసిన దోసెలు మరీ మంచివి. పులియడంలో ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. మొలకెత్తించిన పెసలు, శనగలు అన్నంతో చేర్చండి. నువ్వుల పొడి ముద్దలో కలుపుకొనే మన పాత అలవాటును మళ్ళీ తెచ్చుకోండి. నువ్వులలో జింకు సమృద్ధిగా కలదు. మాంసాహారులకు చేప, మాంసం ద్వారా లభించే జింకు సులభంగా ఒంటబడుతుంది. జీర్ణశక్తి తక్కువగా ఉన్నవారు, వృద్ధులు రంగు బియ్యాన్ని ఒక్కసారిగా రెండు పూటలా మొదలుపెట్టక, తెల్లబియ్యంలో నాలుగో వంతు కలిపి మెల్లగా అలవాటు చేసుకొనవలెను.

పసిపిల్లలకు విరేచనాలు పట్టినప్పుడు మాత్రం జావలతో కాలయాపన చేయరాదు. లవణ ద్రావణం వెంటనే మొదలుపెట్టి డాక్టరుకు చూపించండి. ఇది నేను నేర్చుకున్న పాఠం.

కొనేవారి బాధ్యత

చివరిగా మధ్యతరగతి కుటుంబాలకు నా మనవి. మనము రంగుకు డబ్బు ఇస్తున్నాము. పేరుకు ఇస్తున్నాము. సంచి మీద వేసిన ఋషి బొమ్మకు కూడ ఇస్తున్నాము. గింజలో ఏమున్నదో అడగడం లేదు. మనము అడగనంత కాలం అమ్మేవారికి చెప్పవలసిన అవసరం లేదు. అమ్మేవారు అడగనంత కాలం రైతు పాలు పోసుకొనే దశలో అదనంగా ఒక పిచికారీ ఎందుకు చేస్తాడు? దాని ఖర్చు అతనిది, మేలు మనది.

కనుక పది ఇళ్ళవారు కలిసి ఒక రైతుతో మాట్లాడుకోండి. మట్టి పరీక్ష ఖర్చు మీరు భరించండి. విత్తేటప్పుడే కొంత సొమ్ము ముందుగా ఇవ్వండి. కొత్త పంటలో నష్టం వస్తే అందులో పాలు పంచుకుంటామని మాట ఇవ్వండి. మన ప్రాంతంలో పొలం చేసేవారిలో చాలామంది కౌలు రైతులు. మన ఆరోగ్యం మీద మనకున్న ముచ్చటను వారి అప్పుతో తీర్చుకొనడం ధర్మం కాదు. రంగు బియ్యం అమ్మేవారు జింకు, ఇనుము ఎంతెంత ఉన్నవో పరీక్షించి సంచి మీద వేయవలెనని కూడ గట్టిగా కోరండి.

ఈ ఏడాది కూడ మా రైతు ఎర్ర వరి వేయడానికి ఒప్పుకున్నాడు. అయితే ఎకరంలో మాత్రమే. మిగిలిన ఎకరంలో మిరప వేస్తానన్నాడు. "జింకు సంగతి నాకు వదిలేయండి మాస్టారూ, జావల సంగతి మీరు చూసుకోండి" అని కూడ అన్నాడు. సరేనన్నాను. పాఠకులలో ఎవరైనా రంగు వరి పండించి ఉంటే, ముఖ్యంగా రేగడి నేలలలో, తమ అనుభవాలను పత్రికకు వ్రాయవలసినదిగా కోరుతున్నాను. నష్టపోయిన అనుభవాలైనా సంకోచించక వ్రాయండి.